వారం సెలవు, ఒకే ఊరు: రోమా, లిస్బనా, బుడాపెస్టా?

వారం సెలవు పెడితే యూరప్‌లో మన చేతికి దొరికేది ఎన్ని రోజులో ముందు వేళ్లు మడిచి లెక్కపెట్టండి. నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు కారులో మూడున్నర గంటలు. ఒంగోలు నుంచైతే ఐదారు గంటలు. చాలా విమానాలు తెల్లవారుజామునే ఉంటాయి కాబట్టి ముందురోజు సాయంత్రమే ఇల్లు కదలాలి. దారిలో గల్ఫ్‌లో ఎక్కడో దిగి, రెండు మూడు గంటలు కూర్చుని, మళ్లీ ఎక్కాలి. అక్కడ గది తాళం చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. తిరుగు ప్రయాణానికీ ఇంతే. ఇవన్నీ తీసేస్తే మిగిలేది నాలుగు రోజులు, మహా అయితే నాలుగున్నర.

ఆ నాలుగున్నర రోజుల్లో మూడు దేశాలు చూపిస్తామనే ప్యాకేజీలు బోలెడు. మొన్న కావలి నుంచి మా బావ అలాంటి కాగితమే పట్టుకొచ్చాడు. ఇద్దరం కూర్చుని అందులో బస్సులో గడిచే గంటలన్నీ కూడితే ఇరవై దాటాయి. అంతసేపు బస్సు అద్దంలోంచి చూడ్డానికి అంత డబ్బు పోయక్కర్లేదు. చిన్న ట్రిప్‌కు ఒక్క రాజధాని చాలు. ఆ ఊరిని ఎంచుకునేటప్పుడు మీతో వచ్చేవాళ్ల నోటినీ మోకాళ్లనూ దృష్టిలో పెట్టుకోండి. నేను ఇంట్లోవాళ్లతో వెళ్లి ఉన్న మూడు ఊళ్లు రోమ్, లిస్బన్, బుడాపెస్ట్. వియన్నాలో రెండు రోజులే ఉన్నాను కాబట్టి దాని గురించి తక్కువ చెబుతాను.

లండన్‌కు వేరే వీసా కావాలి, ఈ లెక్కలోకి రాదు. పారిస్‌ను కావాలనే పక్కన పెట్టాను. గదుల రేట్లు ఎక్కువ, ఒక్క లూవ్ర్ మ్యూజియమే రోజంతా మింగేస్తుంది. దానికి విడిగా వారం ఉంచుకోండి.

ముందు వీసా సంగతి

ఈ నాలుగు ఊళ్లూ షెంగెన్ వీసా కిందికే వస్తాయి, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ఆరేళ్లలోపు పిల్లలకు ఫీజు లేదు. యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి సర్వీసు చార్జీతో కలిపి పెద్దవాళ్లకు తలా పదివేల పైమాటే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. 30,000 యూరోల వైద్యఖర్చులకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. అందుకే ఊరు తేల్చుకోకుండా వీసా పని మొదలుపెట్టడం కుదరదు.

వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు సంక్రాంతి కాగానే అపాయింట్‌మెంట్ కోసం వెతకడం మొదలుపెట్టాలి. వీసా చేతికి రాకముందు డబ్బు తిరిగిరాని గది బుక్ చేయకండి. తక్కువకు వస్తుందని ఒకసారి నేను చేశాను. వేలిముద్రల తేదీ అనుకున్న టైముకు దొరకలేదు, ప్రయాణం మూడు వారాలు వెనక్కి జరిగింది, గది డబ్బు మొత్తం పోయింది. రద్దు చేసుకునే వీలున్న గదికి నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

రోమ్: అమ్మతో వెళ్లిన ఊరు

మా అమ్మకు 68 ఏళ్లు. నాన్న పోయాక నీసు మానేసింది. మోకాళ్ల నొప్పులున్నాయి, మెట్లంటే భయం. ఆమెను తీసుకెళ్లడానికి రోమ్‌నే ఎంచుకున్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.

ఒక కారణం, చూడాల్సినవన్నీ దగ్గర దగ్గరగా ఉండటం. పాంథియన్ అనే పాత రోమన్ గుడి దగ్గర గది తీసుకుంటే నవోనా చౌకు, ట్రెవీ ఫౌంటెన్ నడిచే దూరమే. ఆ దారి దాదాపు చదునుగానే ఉంటుంది. కాకపోతే రోడ్ల మీద నల్లరాళ్లు పరిచి ఉంటాయి, చెప్పు అడుగు పల్చగా ఉంటే పాదాలు నొప్పి పుడతాయి. అమ్మకు చెన్నైలో మందపాటి అడుగున్న బూట్లు కొని, నెల ముందు నుంచే నెల్లూరులో పొద్దున వాకింగ్‌కు అవే వేసుకుని వెళ్లమన్నాను. ఆ పని చేసినందుకు అక్కడ రోజూ సంతోషించాను.

పాంథియన్‌కు వెళ్లిన రోజు వాన. ఆ గుడి గోపురం లోపలి వ్యాసం 43 మీటర్ల పైన. నడినెత్తిన పెద్ద గుండ్రటి రంధ్రం. దానికి అద్దమూ లేదు, తలుపూ లేదు. వాన నేరుగా లోపలికి పడుతోంది. మధ్యలో నేల మీద తడి, చుట్టూ తాడు కట్టారు. రాతి పలకల్లో చిన్న చిన్న కన్నాలున్నాయి, నీళ్లు వాటిలోంచి దిగిపోతున్నాయి. అమ్మ చాలాసేపు పైకి చూస్తూ నిలబడి, "రెండువేల ఏళ్ల నాడు ఇది ఎట్టా కట్టారు నాయనా, కింద ఒక్క స్తంభం లేకుండా" అంది. అప్పుడు టికెట్ 5 యూరోలు. ఈ ట్రిప్ మొత్తంలో ఇంత తక్కువ డబ్బుతో ఇంత పెద్ద అనుభవం ఇంకెక్కడా దొరకలేదు.

నెల్లూరువాళ్లకు రోమ్‌తో ఒక పాత బంధం ఉంది, అది తెలుసుకుని వెళ్తే చూసే కన్ను మారుతుంది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. వాటి మీద రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫౌస్టినా పేర్లున్నాయి. ఇప్పుడు రోమ్‌లో నడవండి. ట్రాజన్ విజయస్తంభం రోడ్డు పక్కనే నిలబడి ఉంది. పాంథియన్‌ను ఇప్పుడున్న రూపంలో కట్టించింది హాడ్రియన్. పాత రోమ్ నడిబొడ్డైన ఫోరం శిథిలాల్లో రాణి ఫౌస్టినా పేరిట కట్టిన గుడి స్తంభాలు ఇంకా నిలిచే ఉన్నాయి. మన పొలంలో దొరికిన మూడు పేర్లూ ఒక్క పూటలో, కాలినడకన కనబడతాయి. ఈ సంగతి చెప్పాక అమ్మ ఫోరంలో ఎండను కూడా పట్టించుకోలేదు.

కొలోసియం టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. చూసే తేదీకి 30 రోజుల ముందు అమ్మకానికి పెడతారు. టికెట్ మీద పేరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. అదే టికెట్‌తో ఫోరం, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. పైఅంతస్తుకు లిఫ్టు ఉంది. వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చిలోకి వెళ్లడానికి డబ్బు అక్కర్లేదు, భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి. మన చీర, పంజాబీ డ్రెస్‌తో ఆ ఇబ్బందే ఉండదు. వాటికన్ మ్యూజియం ఆదివారాలు మూసేస్తారు. నెలలో చివరి ఆదివారం ఉచితంగా తెరుస్తారు కానీ ఆ రోజు జనం విపరీతం, పెద్దవాళ్లతో వెళ్లొద్దు. వీధుల్లో ఎక్కడ చూసినా సన్నటి ధారగా పారే మంచినీళ్ల కుళాయిలున్నాయి, రెండువేల పైచిలుకు. సీసా నింపుకుంటూ పోవచ్చు.

శాకాహారులకు తిండి విషయంలో రోమ్ మంచిదే, కానీ ఒక మెలిక ఉంది. అక్కడి పెకొరీనో, పర్మెజాన్ లాంటి చీజ్‌లను దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొట్టి చేస్తారు. పూర్తిగా శాకాహారం పాటించేవాళ్లకు ఇది ముందే తెలియాలి. మెనూలో పక్కన ఆకు బొమ్మ వేసి ఉన్నా చీజ్ సంగతి అందులో రాయరు. నేను ఈ విషయం అమ్మకు ఇక్కడే చెప్పాను. ఆమె చీజ్ లేకుండానే నాలుగు రోజులూ తృప్తిగా తింది. మరినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, ఆ దేశపు వాము లాంటి ఒరెగానో ఆకు మాత్రమే ఉంటాయి. కొట్లలో పిజ్జాను పెద్ద పలకలుగా కాల్చి పెడతారు. మనకు ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కోసి, తూకం వేసి ఇస్తారు. అందులో పల్చటి బంగాళదుంప చక్రాలు పరిచింది అమ్మకు బాగా నచ్చింది. రెండో రాత్రి 'ఆల్యో ఓల్యో ఎ పెపెరొంచీనో' అనే స్పగెట్టీ తెప్పించాను. వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఆలివ్ నూనె, అంతే. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది తాలింపు పెట్టిన సేమ్యా కదరా" అని ప్లేటు దగ్గరకు లాక్కుంది.

చీజ్ తినేవాళ్లు మాత్రం కాచో ఎ పెపే అనే పాస్తా వదలకండి. పెకొరీనో, దంచిన మిరియాలు తప్ప అందులో ఇంకేమీ కలపరు, ఆ ఘాటు మనవాళ్లకు నచ్చుతుంది. కార్బొనారా, అమాత్రిచానా అనే పాస్తాలు రెండింటిలోనూ పంది దవడ మాంసం వేస్తారు. శీతాకాలం చివర్లో, వసంతంలో వెళ్తే యూదుల పేటలో ఆర్టిచోక్ వేపుడు తినండి. అరటిపువ్వులా పొరలు పొరలుగా ఉండే పూమొగ్గ అది. నూనెలో వేయిస్తే రేకులన్నీ విచ్చుకుని అప్పడంలా కరకరలాడతాయి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకో ధర. బల్ల ముందు కూర్చునే ముందు బోర్డు చూడండి.

ఇటలీలో బాత్రూమ్ సంగతి కూడా చెప్పాలి, పెద్దవాళ్లతో ప్రయాణమంటే ఇది చిన్న విషయం కాదు. అక్కడ ఇళ్లలో కడుక్కునే తొట్టి ఉండాలని 1975 నుంచీ నిబంధన ఉంది. హోటళ్లలోనూ దాదాపు ఉంటుంది. పోర్చుగల్‌లోనూ మామూలే. బుడాపెస్ట్, వియన్నాల్లో కాగితమే, ఒక చిన్న మగ్గు పెట్టెలో పెట్టుకోండి.

బుడాపెస్ట్: కారం తెలిసిన ఊరు

ప్రకాశం జిల్లాలో మిర్చి కల్లాలు చూసి పెరిగినవాళ్లకు ఈ ఊరు వెంటనే దగ్గరవుతుంది. మిరప అమెరికా ఖండంలో పుట్టింది. మన దగ్గరకు పోర్చుగీసు ఓడల్లో వస్తే, హంగేరీకి తురుష్కుల పాలనలో చేరింది. అక్కడ అదే పాప్రికా అయి వంటింటికి రాణి అయింది. విటమిన్ సి మీద పనికి పేరు పొంది 1937లో నోబెల్ అందుకున్న ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జీ, ఆ విటమిన్‌ను దండిగా తీసింది సెగెద్ పట్టణంలోని పాప్రికా కాయల్లోంచే.

1897లో తెరిచిన సెంట్రల్ మార్కెట్ హాలుకు పొద్దున్నే వెళ్లండి. ఆదివారం మూసేస్తారు. కింది అంతస్తులో పాప్రికా పొట్లాలు, దండలు కట్టిన ఎండుమిరపకాయలు. పైన వేడి తిండి. నేలమాళిగలో చేపలు, ఊరగాయలు. గాజు సీసాల్లో క్యాబేజీ, దోసకాయ, చిన్న మిరపకాయలు ఉప్పునీళ్లలో ఊరుతుంటాయి. మా ఆవిడ ఒక పాప్రికా పొట్లం వాసన చూసి, "రంగు మన కారం రంగే, ఘాటు మాత్రం లేదు" అంది. నిజమే. పొట్లం మీద 'ఏదెష్' అని ఉంటే తియ్యటిది, రంగు కోసం వేసేది. 'చీపొష్' అని ఉంటే కారంది. మనవాళ్లు రెండోది అడిగి కొనాలి. బల్లల మీద 'ఎరోష్ పిష్తా' అని చిన్న సీసా కనబడుతుంది. పండుమిరపకాయలను ఉప్పేసి నూరిన ముద్ద అది. దాన్ని చూసిన తర్వాత మా అమ్మాయి తిండి విషయంలో పేచీ పెట్టడం మానేసింది.

ఇక హలాస్లే. చేపల పులుసు గురించి నెల్లూరువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు, అందుకే ఈ గిన్నె గురించి కాస్త ఆగి చెబుతాను. నదిలో పట్టిన కార్ప్ లాంటి చేపలు, బోలెడంత ఉల్లిపాయ, గుప్పెళ్ల కొద్దీ పాప్రికా. మంట మీద వేలాడదీసిన బానలో కాచడం పాత పద్ధతి. మా ముందుకు ఎర్రగా, పైన నూనె తేరి, పొగలు కక్కుతూ వచ్చింది. రెండు పెద్ద ముక్కలు, పక్కన తెల్ల రొట్టె, చిన్న పళ్లెంలో తరిగిన పచ్చిమిర్చి. మా ఆవిడ చెంచాతో తాగి చూసి, కాసేపు ఆలోచించి, "అంతా ఉంది, చింతపండు ఒక్కటే లేదు" అంది. ఆ మిర్చి ముక్కలు వేసుకుని, నిమ్మచెక్క అడిగి పిండుకుని తింటే నిజంగా ఇంటి తిండి తిన్నట్టే అయింది. చేప ముల్లు ఎక్కువ, పిల్లలకు ఒలిచి పెట్టండి.

బుడాపెస్ట్‌లో జాగ్రత్త పడాల్సింది గులాష్ దగ్గర. అది ఎక్కువగా ఎద్దు మాంసంతో చేస్తారు. మెనూలో 'మార్హా' అన్నా, 'బోర్యూ' అన్నా అదే, రెండోది దూడది. పెద్దమాంసం తిననివాళ్లు ఈ రెండు మాటలు ఫోన్‌లో రాసుకుని వెళ్లాలి. రోమ్‌లో వీటినే 'మాంజో', 'విటెల్లో' అంటారు. లిస్బన్‌లో 'వాకా', 'విటేలా'. వియన్నాలో 'రింట్', 'కాల్ప్'. శాకాహారులకు ఇక్కడ కాస్త కష్టమే. క్యాప్సికం, టమాటా, ఉల్లిపాయ మగ్గబెట్టిన లేచో ఉంది, కూరగాయలను చిక్కగా ఉడికించిన ఫోజెలేక్ ఉంది, కానీ పాతకాలపు వంటిళ్లలో పందికొవ్వుతో వండే అలవాటు ఉంది, ప్రతిచోటా అడగాలి. లాంగోష్ అనే పెద్ద పూరీ మాత్రం పిల్లలకు పండగ. మామూలుగా పైన పుల్లటి మీగడ, చీజ్ వేస్తారు. వెల్లుల్లి నీళ్లు మాత్రం రాసి ఇమ్మన్నా ఇస్తారు.

చూసేవాటిలో నది ఒడ్డునున్న పార్లమెంటు భవనం, 1849లో కట్టిన చెయిన్ బ్రిడ్జి, బూడా కొండ మీది కోట ముఖ్యం. నడవలేనివాళ్లకు కొండమీదికి బస్సు ఉంది. సాయంత్రం దీపాలు పెట్టాక 2వ నంబరు ట్రాము ఎక్కి డాన్యూబ్ ఒడ్డు వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లండి. పడవ టికెట్ కొనకుండానే ఊరంతా కనబడుతుంది. 1896 నాటి మెట్రో ఇంకా తిరుగుతూనే ఉంది. చిన్న పసుపు పెట్టెలు, మెట్లు తక్కువ. వేడినీటి బుగ్గల స్నానం ఈ ఊరి ప్రత్యేకత. సెచెన్యీ స్నానఘట్టం 1913 నాటిది. ఆరుబయట చలిగాలిలో వేడినీళ్లలో మునిగి కూర్చుంటే నడిచి నడిచి పట్టేసిన పిక్కలు వదులవుతాయి. ఈత దుస్తులు తప్పనిసరి, ఆడవాళ్లు ఒళ్లంతా కప్పే రకం ఇక్కడే కొని తీసుకెళ్తే ఇబ్బంది ఉండదు.

గదులకూ తిండికీ మూడు ఊళ్లలో ఇదే చవక. అక్కడ యూరో వాడరు, డబ్బు ఫోరింట్లలో. ధరలు వేలల్లో కనబడతాయి, కంగారు పడకండి. కార్డు గీసేటప్పుడు మెషీన్ "రూపాయల్లోనా?" అని అడిగితే వద్దని ఆ దేశపు డబ్బునే ఎంచుకోండి, లేకపోతే మారకంలో బాగా కోస్తారు. ఈ మాట నాలుగు ఊళ్లకూ వర్తిస్తుంది.

లిస్బన్: చేపలవాళ్ల ఊరు, కాళ్లున్నవాళ్ల ఊరు

బావతో, అక్కతో వెళ్లిన ఊరు ఇది. బావకు రోజూ చేప ఉండాలి. లిస్బన్‌లో ఆయన సుఖపడినట్టు ఇంకెక్కడా పడలేదు. కల్లుప్పు చల్లి బొగ్గుల మీద కాల్చిన డొరాడా చేప, జూన్‌లో వెళ్తే వీధి వీధినా కాలే సార్డీన్లు. రొయ్యలు, ఆల్చిప్పలు వేసి జారుగా వండే 'అరోష్ ద మరీష్కు' అనే అన్నం తప్పక తినాలి. కుండతోనే బల్ల మీద పెడతారు. అన్నం మెత్తగా, పులుసు తాగి ఎర్రగా ఉంటుంది. గరిటతో వడ్డించుకుని తింటుంటే బావ, "మొలగొలుకుల అన్నంలో రొయ్యల ఇగురు కలిపినట్టుందయ్యా" అన్నాడు. ఉప్పుచేప బకల్యావుకు అక్కడ ఎంతో పేరు. కానీ ఎండుచేప మనకు కొత్త కాదు కాబట్టి ఒకసారి రుచి చూస్తే చాలు.

మనకు మాత్రం ఊరు చూస్తుంటే ఒక దగ్గరితనం కలుగుతుంది. మనం అలమర, మేస్త్రీ, ఆయా అంటాం. ఈ మాటలు పోర్చుగీసువాళ్ల నుంచి మన భాషలోకి వచ్చినవే. బెలేమ్ పేటలోని జెరోనిముష్ మఠంలో వాస్కో డ గామా సమాధి ఉంది. సోమవారం మూసేస్తారు. అక్కడికి దగ్గర్లోనే 1837 నుంచి నడుస్తున్న మిఠాయి కొట్టులో కోడిగుడ్డు పచ్చసొన, పాలతో చేసిన చిన్న గిన్నెల్లాంటి పేస్ట్రీలు వేడివేడిగా ఇస్తారు. దాల్చినచెక్క పొడి చల్లుకుని అక్కడే తినేయాలి, గదికి తీసుకెళ్తే ఆ కరకర పోతుంది.

ఇబ్బంది అంతా ఎత్తుపల్లాలతోనే. ఏడు కొండల ఊరంటారు. ఫుట్‌పాత్‌లు నున్నటి తెల్లరాళ్లు, వాన పడితే కాలు జారుతుంది. అక్క రెండో రోజు మధ్యాహ్నానికే మెట్ల మీద కూర్చుండిపోయింది. 28వ నంబరు ట్రాము ఎక్కితే కొండలన్నీ తిప్పుతుందని అందరూ చెబుతారు, అందుకే అందులో నిలబడ్డానికీ చోటుండదు, జేబుదొంగలూ ఎక్కువే. పొద్దున ఎనిమిదిలోపు ఎక్కండి. గది మాత్రం కింది భాగంలో, బైషా పేటలో తీసుకోండి. 1755 భూకంపంలో కూలిపోయాక చదును నేల మీద గీత గీసినట్టు తిరిగి కట్టిన పేట అది. కొండమీద చవగ్గా దొరికే గది చూసి మోసపోకండి. ఆ చవక రోజూ రెండుసార్లు మెట్లెక్కి తీర్చుకోవాలి.

ఇంకో సంగతి. కూర్చోగానే అడక్కుండానే రొట్టె, ఆలివ్ కాయలు, చీజ్ తెచ్చి పెడతారు. ఉచితం కాదు. ముట్టుకుంటే బిల్లులో వస్తుంది, వద్దని చెబితే మారుమాట లేకుండా తీసుకెళ్తారు. మొదటిరోజు ఒకచోట మేం ఆకలి మీద నలుగురం మొత్తం తినేశాం, బిల్లు చూశాక తెలిసింది. హోటల్‌లో ఊరి పన్ను మనిషికి రాత్రికి 4 యూరోలు విడిగా కట్టాలి. రోమ్‌లోనూ ఇలాంటి పన్ను ఉంది, అక్కడ హోటల్ స్థాయిని బట్టి ఇంకా ఎక్కువ.

శాకాహారులకు లిస్బన్ మూడో స్థానమే. కూరగాయల సూప్‌లో కూడా మాంసం నీళ్లు ఉండొచ్చు. మర్టిం మునీష్ చుట్టుపక్కల నేపాలీ, బంగ్లాదేశీ, మన దేశపు హోటళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి పస్తులుండాల్సిన పని మాత్రం లేదు. విమానం కూడా గల్ఫ్ నుంచి రోమ్‌కు ఆరు గంటలైతే ఇక్కడికి ఎనిమిది. నాలుగున్నర రోజుల ట్రిప్‌లో ఆ రెండు గంటలూ రానూ పోనూ తెలుస్తాయి.

వియన్నా గురించి రెండు ముక్కలు. పెద్దవాళ్లకు అన్నిటికన్నా సుఖమైన ఊరు. మెట్రోలో లిఫ్టులు, ఎక్కడపడితే అక్కడ కూర్చునే బెంచీలు, కుళాయి తిప్పితే ఆల్ప్స్ కొండల నుంచి వచ్చే నీళ్లు. కాఫీ హౌస్‌లో ఒక కప్పు తెప్పించుకుని గంటసేపు కూర్చున్నా లేవమనరు, పక్కన మంచినీళ్ల గ్లాసు పెడతారు. అక్కడి పేరున్న మాంసం వేపుడు ష్నిట్జెల్, అసలైనది దూడ మాంసంతో చేస్తారు, అది గుర్తుంచుకోండి. ఖర్చు ఎక్కువ, ఆదివారం కొట్లన్నీ మూత. ఘాటు కావాలనుకునే నోటికి నాలుగు రోజులు కష్టం. మీకు వారం కాకుండా తొమ్మిది పది రోజులు దొరికితే అప్పుడు వియన్నా, బుడాపెస్ట్ కలపండి. మధ్య రైలు మూడు గంటల లోపే.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి

మన ఇళ్లలో టికెట్ కొన్న మర్నాటి నుంచే పచ్చళ్ల మాట మొదలవుతుంది, కాబట్టి రూలు తెలుసుకోవాలి. బయటి దేశాల నుంచి మాంసం, పాలతో చేసిన పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే. చేపలకు ఆ నిషేధం లేదు, మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది. కాబట్టి రొయ్యల పచ్చడి సీసా గట్టిగా మూత బిగించి పెట్టుకోవచ్చు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, పచ్చిమిర్చి వద్దు, వాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, చింతకాయ పచ్చడి హాయిగా తీసుకెళ్లండి. రోజులో ఒక్క పూట అన్నం పడకపోతే నిద్ర పట్టనివాళ్లుంటే హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. బియ్యం, పెరుగు నాలుగు ఊళ్లలోనూ సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. రోమ్‌లో ఎస్క్విలీనో మార్కెట్‌లో పప్పులు, మసాలాలు కూడా దొరుకుతాయి.

ఎప్పుడు వెళ్లాలంటే ఏప్రిల్, మే మొదట్లో, లేదా సెప్టెంబరు, అక్టోబరు. దసరా సెలవులు చక్కగా సరిపోతాయి. రోమ్‌లో జులై, ఆగస్టు ఎండ మన రోహిణి కార్తెను గుర్తుచేస్తుంది, నీడ లేని ఫోరంలో పెద్దవాళ్లు నిలబడలేరు. బుడాపెస్ట్ జనవరిలో చలి సున్నా దగ్గరకు దిగుతుంది. శీతాకాలంలోనే వెళ్లక తప్పదంటే లిస్బన్ ఒక్కటే తట్టుకోగలం, అక్కడా వానలుంటాయి.

ఎవరికి ఏ ఊరంటే, అమ్మానాన్నలతో మొదటిసారి వెళ్తుంటే, వాళ్లు శాకాహారులైనా కాకపోయినా, రోమ్. ఇందులో నాకు రెండో మాట లేదు. పిల్లలతో, లెక్క చూసుకుని ఖర్చు పెట్టే ఇల్లైతే, నాలుక్కి కారం తగలాలంటే బుడాపెస్ట్. మోకాళ్లు గట్టిగా ఉన్న భార్యాభర్తలు, స్నేహితులు, చేప లేనిదే ముద్ద దిగనివాళ్లు లిస్బన్ వెళ్లండి. ఈ మూడింట్లో నన్ను మళ్లీ పంపుతానంటే నేను మాత్రం బుడాపెస్ట్‌కే పోతాను, ఆ హలాస్లే కోసం.

బావ చివరికి ఆ మూడు దేశాల కాగితం పక్కన పడేసి, వాళ్ల అమ్మానాన్నలతో కలిసి దసరాకు రోమ్ అని తేల్చుకున్నాడు. మా అమ్మ వాళ్లతో మళ్లీ బయల్దేరుతోంది. పాస్‌పోర్టులు తీసి చూడమన్నాను. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువు ఉండాలి, పదేళ్లలోపు జారీ అయి ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. అక్క పాస్‌పోర్టు నవంబరుతో అయిపోతోంది. ఇప్పుడు ముందు దాని రెన్యువల్‌కు పెట్టారు, అది రాగానే వీసా అపాయింట్‌మెంట్.